దాద్

టేషన్ ముందట డబ్బాల మందు అమ్మెటాయన
పొద్దుగాల్నుంచి ఒక్కటే పాట:
దాద్, ఖాజ్, ఖుజ్లీ.
నాకొచ్చిన ఉర్దూల మొదటి మూడు మాటలు అవే.
నాలుగోది హలో.
అది ఉర్దూ కాదని తర్వాత తెల్సింది.

మొగిలి సౌండ్ సర్వీస్, కరీమాబాద్.
రెండు బాకాలు, ఒక ఆంప్లిఫయర్,
మెడకు నల్లటేపు చుట్టిన మైకు.
బోనాలకు నేనే, బారాత్‌లకు నేనే,
మండీబజార్ల ఏడాదికోసారి జరిగే
నవ్వుల ముషాయిరాకూ నేనే.

ఆడ కరేలా సాబ్ అని ఒకాయన.
అసలు పేరు అబ్దుల్ ఖుద్దూస్,
మట్టెవాడల తరాజులు బాగుచేసుడు పని.
కాకరకాయ పేరెందుకు పెట్టుకున్నవు సాబ్ అంటే
"గులాబీలు అందరూ ఎత్తుకపోయిన్రు బేటా,
నేనొచ్చేటాళ్లకు గంపల ఇదే మిగిలింది."

గొంతు సవరించుకోడు, మైకును సవరిస్తడు.
రాయి వేసి ముల్లు చూసినట్టు
ఒక్క మాట వేసి
జనం ఎటు వంగిన్రో చూస్తడు.

ఓసారి ఆయన చదివింది
పక్కన పిలగాడు నాకు తెలుగుల చెప్పిండు:
రైతు తరాజును అడిగిండట,
ఎప్పుడూ సేటు దిక్కే ఎందుకు వంగుతవే అని.
నాకు మర్యాదెక్కువ పటేలా,
పెద్దమనిషి కనవడితే
తల ఎత్తలేను, అన్నదట తరాజు.
ముందు కుర్చీల మిర్చిసేటు
అందరికన్నా పెద్దగ నవ్విండు.
నవ్వుకుంటనే ఎందుకో
రుమాలు తీసి మెడ తుడుచుకున్నడు.

నాకు భాష రాకపాయె,
నా నవ్వెప్పుడూ లేటు.
జనమంత నవ్వి ఊకున్నంక
ఆంప్లిఫయర్ ఎనుకనుంచి నాదొక్కటే వస్తుండె,
ప్లాట్‌ఫారం ఖాళీ అయినంక
పాసింజర్ వచ్చినట్టు.
కరేలా సాబ్ ఆగుతుండె.
అది చేరినంకనే రెండో షేర్ ఎత్తుకుంటుండె.

ఆ యేడు చలి బాగుండె. నడిరాత్రి
ఆయన నా దిక్కు తిరిగి, చెయ్యి చాపి చదివిండు:

హమ్ కో భీ మైక్‌వాలే నే దాద్ దీ హై యారో
కల్ సే ఖుజా రహే హైఁ, మర్హమ్ కిధర్ మిలేగా

షామియానా లేచినంత నవ్వు.
నేను నా ఎడమచెయ్యి చూసుకున్న.
మోచేతి కింద రూపాయి బిళ్లంత తామర.
అంగీ చేతులు ఎన్నడూ మడవకపోతి,
ఈయన ఎట్ల చూసిండు?
నాలుగొందల మందిల, నా బాకాలనే,
నా మైకుతోనే నా రోగం చాటిచ్చిండు!

ఫ్యూజు పీకిన.

చీకటి.
అయినా ఎవ్వడూ లేవలే.
ముందు వరుస విన్న షేర్‌ను ఎనుక వరుసకు చెప్పింది,
అది దాని ఎనుక వరుసకు,
సందు మొగల సోడాబండి దాక.
తీగె లేకుంటనే నవ్వు
నా పక్కకెళ్లి నడుచుకుంట పోయింది.

తెల్లారి పైసలకు పోతే
లెక్క ప్రకారం ఇచ్చి
నోట్ల మీద ఒక మందు డబ్బా పెట్టిండు.
టేషన్ ముందటిదే.
ఆయన ఏమన్లే. నేనూ ఏమన్లే.
మళ్లా యేడు వాళ్లకు వేరే మైకు.
తామర మాత్రం ఆ డబ్బాతోనే పోయింది.

పోయిన నెల హన్మకొండల ఒక హాలుకాడ
కొత్త బాక్సులు పెట్టి కూసున్న.
స్టేజి మీద పిల్ల మూడుసార్లు బతిమిలాడింది,
దాద్ దీజియే, దాద్ దీజియే అని.
పక్కనోన్ని అడిగిన:
రోగాన్ని గట్ల అడుక్కుంటరా?
"దాద్ అంటే మెచ్చుకోలు కాకా,
షాబాష్ అన్నట్టు.
రోగం కూడ అదే మాట."

అదే మాట.
మైకోడు కూడ నన్ను మెచ్చిండు అన్నడా ముసలాయన!
నాలుగొందల మందిల
నాకు సలాం పెట్టి,
నిన్నటిసంది గోక్కుంటున్న అన్నడు.
మందు తనకే అడిగిండు.

ఇరవై రెండేండ్లకు వచ్చింది నాకు నవ్వు.
హాలంత గప్‌చుప్ ఉన్నప్పుడు, ఒక్కన్నే.
స్టేజి మీదోడు ఆగలే,
తర్వాతి షేర్ ఎత్తుకున్నడు.

అంగీ చెయ్యి మడిచి చూసుకున్న.
మచ్చ కూడ లేదు.
అయినా ఎందుకో
కాసేపు గోక్కున్న.